సందేహాలు – సమాధానాలు: హఠాన్మరణమా, అకాల మరణమా?

సందేహం: విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు జర్నలిజం చెబుతాను. అమెరికా టీవీ జర్నలిస్టు టిమ్ రసర్ట్ వర్ధంతికి మా పిల్లలు గోడపత్రికలో ఒక వ్యాసం పెడుతున్నారు. 2008 జూన్ 13న ఆయన ఆఫీసులో పని చేస్తూనే కుప్పకూలి చనిపోయారు. దీన్ని ఒకరు ‘ఆకస్మాత్తుగా మరణించాడు’ అని, ఒకరు ‘హఠాత్మరణం’ అని, ఇంకొకరు ‘అకాల మరణం’ అని రాశారు. ఒకమ్మాయి ‘విధి నిర్వహణలో అమరులయ్యారు’ అంది. ఏది సరైనది? పత్రికలో కాకుండా టీవీలో పనిచేసిన మనిషిని ‘పాత్రికేయుడు’ అనవచ్చా? విదేశీయుడికి ‘డు’ రాయాలా, ‘రు’ రాయాలా?
– ఒక అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, పిల్లలు రాసిన పేజీ కూడా ఉత్తరానికి జతచేసి మంచి పని చేశారు. వాక్యం కళ్లముందు ఉంటేనే అందులో పదం కుదురుకుందో లేదో తెలుస్తుంది.

ముందు తొందరగా తేలిపోయేవి చూద్దాం. ‘ఆకస్మాత్తుగా’ తప్పు, ‘అకస్మాత్తుగా’ ఒప్పు. అదే ‘ఆకస్మిక మరణం’ అన్నప్పుడు మొదటి అక్షరానికి దీర్ఘం వస్తుంది, ‘సమాజం’ నుంచి ‘సామాజికం’ వచ్చినట్టు. ఇక్కడ దీర్ఘం రాసి అలవాటైన చెయ్యి అక్కడా రాసేస్తుంది. ‘హఠాత్మరణం’ కాదు, ‘హఠాన్మరణం’. సత్, మానం కలిసి సన్మానం అయినట్టే హఠాత్, మరణం కలిసి హఠాన్మరణం అయింది.

ఇక అర్థం సంగతి. హఠాన్మరణం అంటే ఎలా పోయారో చెప్పే మాట. అకాల మరణం అంటే ఏ వయసులో, ఏ స్థితిలో పోయారో తలుచుకుని బాధపడే మాట. తొంభై ఏళ్ల పెద్దాయన రాత్రి అన్నం తిని పడుకుని తెల్లారి లేవకపోతే అది హఠాన్మరణమే గానీ అకాల మరణం అనం. ఏడాదిగా మంచాన ఉన్న పాతికేళ్ల కుర్రాడు పోతే అది అకాల మరణం, హఠాన్మరణం కాదు. రసర్ట్ విషయంలో రెండూ నిజమే. 1950 మేలో పుట్టారు కాబట్టి అప్పటికి 58 ఏళ్లు. గుండె రక్తనాళాల జబ్బు ఉంది, మందులతో, వ్యాయామంతో అదుపులోనే ఉందనుకున్నారు. కొడుకు డిగ్రీ పూర్తయిన సంతోషంలో ఇంటిల్లిపాదీ ఇటలీ వెళ్లారు. అక్కణ్ణుంచి వాషింగ్టన్ తిరిగొచ్చి, ఆదివారం కార్యక్రమం కోసం ఆఫీసులో గొంతు రికార్డు చేస్తుండగా గుండెపోటు వచ్చింది. ఆ రోజు వార్త రాసేవాడు ‘హఠాన్మరణం’ అని రాయాలి, చదివేవాడికి ముందుగా తెలియాల్సింది అదే కాబట్టి. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటున్న మీ పిల్లలకు ‘అకాల మరణం’ బాగా నప్పుతుంది.

‘అమరులయ్యారు’ అన్న అమ్మాయి మనసు నాకు అర్థమైంది. పనిలో ఉండగానే పోయారు కదా, ఆ మాట గట్టిగా చెప్పాలనుకుంది. కానీ ఇవాళ తెలుగులో ‘అమరుడు’ అంటే ఒక దాని కోసం ప్రాణం ఇచ్చినవాడు. సరిహద్దులో సైనికుడు, ఉద్యమంలో కార్యకర్త, తుపాకీ దెబ్బ తిన్న పోలీసు. గుండెపోటు ఏ కుర్చీలో ఉండగా వచ్చినా అది గుండెపోటే. ‘పని చేస్తూనే కన్నుమూశారు’ అంటే చాలు, చెప్పదలుచుకున్న గౌరవమంతా ఆ ‘చేస్తూనే’లో ఉంది. అలాగే ‘దుర్మరణం’, ‘మృత్యువాత’ ప్రమాదాలకు పోయే మాటలు, ఇక్కడికి రానివ్వకండి. ‘పరమపదించారు’లో వైష్ణవం ఉంది, ‘శివైక్యం’లో శైవం ఉంది. రసర్ట్ కాథలిక్కు. మన క్రైస్తవ కుటుంబాలు ‘ప్రభువునందు నిద్రించారు’ అంటాయి గానీ అది ఇంటివాళ్లు వేసుకునే కార్డులో ఉండే మాట. బయటివాళ్లం రాసేటప్పుడు ‘కన్నుమూశారు’ అందరికీ సరిపోతుంది.

మీ పిల్లల పేజీలో నన్ను ఎక్కువసేపు ఆపినవి మాత్రం క్రియల చివర ఉన్న అక్షరాలు. మొదటి పేరాలో ‘రసర్ట్ బఫెలో నగరంలో పుట్టాడు, లా చదివాడు, 1984లో ఎన్‌బీసీ టీవీలో చేరాడు’ అని ఉంది. చివరి పేరాకి వచ్చేసరికి ‘రసర్ట్ కన్నుమూశారు’. బతికున్నన్నాళ్లూ ‘డు’, ఊపిరి ఆగాక ‘రు’. ఇది పిల్లలకు ఎవరూ నేర్పలేదు, పేపర్లు చదివి పట్టుకున్నారు. మన పేపర్లలో మంత్రి ‘అన్నారు’, క్రికెటర్ ‘అన్నాడు’, నిందితుడు ‘అన్నాడు’. విదేశీయుల దగ్గరికొస్తే ఒక పద్ధతంటూ లేదు. ఒక వార్తలో అమెరికా అధ్యక్షుడు ‘అన్నారు’, ఇంకో వార్తలో అదే మనిషి ‘అన్నాడు’.

‘డు’ రాస్తే అమర్యాద అని నేను అనను. ‘అశోకుడు పాలించాడు’, ‘న్యూటన్ కనిపెట్టాడు’ అంటాం. చరిత్రలోకి వెళ్లిపోయినవాళ్లకు ‘డు’ హాయిగా సరిపోతుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో సొంత తాత పోతే ‘మా తాత పోనాడు’ అని ఏడుస్తూ చెబుతారు. ఆ ‘పోనాడు’లో ఉన్న దగ్గరితనం ‘స్వర్గస్థులైనారు’లో లేదు. అయితే అక్కడ గొంతు ఉంది, ఏడుపు ఉంది. కాగితం మీద అవి ఉండవు. ముక్కూమొహం తెలియని మనిషి గురించి రాసేటప్పుడు గౌరవమంతా అక్షరాల్లోనే కనబడాలి. రసర్ట్ ఇంకా చరిత్ర పుస్తకంలో మనిషి కాలేదు. ఆయన కొడుకు మనముండగానే తిరుగుతున్నారు. అందుకని పుట్టుక నుంచి చావు దాకా ‘రు’ రాయమనండి, సర్వనామం ‘ఆయన’ అని ఉండాలి. ‘అతను’ అని మొదలెట్టి ‘అన్నారు’తో ముగిస్తే చెవికి ఇబ్బంది. విదేశీయుడైతే ఒకటి, మనవాడైతే ఒకటి అన్న తేడా ఎందుకు? మర్యాదకు పాస్‌పోర్టు అడగనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. మర్యాద కోసం నామవాచకానికి కూడా బహువచనం పెట్టేస్తే చిక్కొస్తుంది. మీ పేజీ శీర్షిక ‘ప్రముఖ పాత్రికేయులు మృతి’. అది చూసినవాడు ఎంతమంది పోయారో, ఏ బస్సు బోల్తా పడిందో అని కంగారు పడతాడు. ‘ప్రముఖ టీవీ జర్నలిస్టు టిమ్ రసర్ట్ కన్నుమూత’ అంటే ఏ గొడవా లేదు.

‘పాత్రికేయుడు’ అనవచ్చా అంటే, అనవచ్చు. పుట్టుక పత్రికలోనే అయినా ఆ మాట ఎప్పుడో గడప దాటింది. నాయకుడు పదిహేను మైకుల ముందు కూర్చున్నా దాన్ని ‘పత్రికా సమావేశం’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రసర్ట్ నడిపిన ఆ ఆదివారం కార్యక్రమం పేరే చూడండి, ‘మీట్ ద ప్రెస్’. అచ్చుయంత్రం నుంచి వచ్చిన మాటను పెట్టుకుని 1947 నుంచి టీవీలో నడుస్తోంది. అయినా మీ వ్యాసానికి నేను ‘టీవీ జర్నలిస్టు’కే ఓటేస్తాను, అందరికీ వెంటనే తెలుస్తుంది. ‘వ్యాఖ్యాత’ మాత్రం వద్దు. వ్యాఖ్యానించడం ఆయన పని కాదు, అడగడం ఆయన పని. ఎదురుగా కూర్చున్న నాయకుడు ఎప్పుడో అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా తెర మీద వేసి, చదివి వినిపించి, మరి ఇప్పుడు ఇలా అంటున్నారేమిటని అడిగేవారు. 1991 నుంచి చనిపోయేదాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఆ కార్యక్రమాన్ని అంతకాలం నడిపినవాళ్లు మరొకరు లేరు.

అందుకే మీ వ్యాసం చివర ఉన్న ‘ఆయన మరణం పాత్రికేయ లోకానికి తీరని లోటు’ అన్న వాక్యం దగ్గర నాకు బాధేసింది. మాట మాటనూ పట్టుకుని అడిగిన మనిషి గురించి, ఎవరికైనా అతికే మాటలతో ముగించారు. మద్దిలపాలెం నుంచి జగదాంబ జంక్షన్ దాకా ఏ ఫ్లెక్సీ చూసినా ఇదే వాక్యం, ఫోటో ఒక్కటే వేరు. ఏది లోటో పేరు పెట్టి చెప్పమనండి. చెప్పడానికి ఎంత ఉందో చూడండి. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి కంప్యూటర్ బొమ్మలన్నీ పక్కనపెట్టి చిన్న తెల్లబోర్డు మీద మార్కర్‌తో లెక్కలేసి, అంతా ఫ్లోరిడా రాష్ట్రంలోనే తేలుతుందని చూపించింది ఆయనే. 2008 నవంబరు ఎన్నికలకు ఐదు నెలల ముందు పోయారు. ఆ ఎన్నికల్లో ప్రత్యర్థులైన ఒబామా, మెకెయిన్ ఆయన అంత్యక్రియల ప్రార్థనలో పక్కపక్కన కూర్చున్నారు. ఈ ఒక్క సంగతి రాస్తే ఆయన అందరికీ ఎంత కావలసినవారో వేరే చెప్పనక్కర్లేదు, ‘ఎనలేని కీర్తి’, ‘అజాతశత్రువు’ లాంటి మాటల అవసరమే రాదు.

మీ చివరి పేరాని ఇలా మార్చి చూశాను, పిల్లలకు నచ్చితేనే వాడుకోమనండి:

‘2008 జూన్ 13, శుక్రవారం. ఆదివారం కార్యక్రమానికి పని చేసుకుంటూ వాషింగ్టన్ ఆఫీసులోనే టిమ్ రసర్ట్ కన్నుమూశారు. వయసు 58. అప్పటికి పదహారేళ్లుగా అమెరికా నాయకులు ఆదివారం పొద్దున ఆయన ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుని వచ్చేవారు. ఆ ఏడాది ఎన్నికల రాత్రి తెల్లబోర్డు పట్టుకోవడానికి ఆయన లేరు.’

అచ్చుతప్పులు కొన్ని. ‘దిగ్ర్భాంతి’, ‘దిగ్బ్రాంతి’ రెండూ తప్పే, ‘దిగ్భ్రాంతి’ అని రాయాలి. భ కింద రవత్తు. ‘దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ కన్నా ‘దిగ్భ్రాంతి చెందారు’ సహజంగా ఉంటుంది. ‘శ్రద్దాంజలి’లో ద కింద ధ వత్తు ఉండాలి, ‘శ్రద్ధాంజలి’. ‘ప్రగాడ’ కాదు, ‘ప్రగాఢ’. సంతాపం పోయినవారి గురించి, సానుభూతి ఉన్నవారికి. కాబట్టి ‘రసర్ట్ మృతికి సానుభూతి’ అన్న వాక్యంలో ‘సంతాపం’ అని దిద్దించండి.