పల్లె బడిలో చిన్నపిల్లల తరగతి బాగుపడాలంటే ఖరీదైన సామగ్రి కావాలా?

అక్కర్లేదు, 3 నుంచి 6 ఏళ్ల పిల్లల తరగతిని ముందుగా మార్చేది టీచరు వాళ్లతో మాట్లాడే తీరు, ఉన్న వస్తువులను వాళ్ల చేతికి అందేలా ఉంచడం. ఈ వయసు పిల్లలు కూర్చుని వినడం కంటే వస్తువులను పట్టుకుని, కదిలించి, వాటి గురించి మాట్లాడి ఎక్కువ నేర్చుకుంటారు. తాళం వేసిన బీరువాలోని కొత్త బొమ్మల కంటే నేల మీద పోసిన గులకరాళ్లు నయం. (నోట్లో పెట్టుకునేంత చిన్నవి మాత్రం వద్దు.)

ఉదాహరణకు, పది రాళ్లు ఇచ్చి ఒక్కోదాన్ని ముట్టుకుంటూ లెక్కపెట్టమనండి. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్ల కూడా ఒకే రాయిని రెండుసార్లు లెక్కించవచ్చు. అంకెల వరుస నోటికి వచ్చినంత మాత్రాన ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె అన్న సంగతి తెలిసినట్టు కాదు. లెక్క సరిగ్గా కుదిరాక "ఇంకొకటి కలిపితే ఎన్ని?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగాలి. కష్టమైన పని అదే.

వీలైనంత త్వరగా అక్షరాలు దిద్దిస్తేనే చదువు మొదలైనట్టని చాలామంది పొరబడతారు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం వారికి కాలక్షేపంలా కనిపిస్తాయి. నిజానికి పెన్సిలు పట్టడానికి కావలసిన వేళ్ల పట్టు వచ్చేది ఇలాంటి పనులతోనే.