డాబా చల్లబడాలంటే ముందు వాటం చూడండి

ప్రశ్న: మాది ఉప్పల్‌లో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. ఏప్రిల్ వస్తే పై అంతస్తులో రాత్రి పదకొండైనా కప్పు సెగ తగ్గదు. డాబాకు సున్నం చాలా, కూల్ రూఫ్ పెయింటే వేయించాలా? ఖర్చు పంచుకోవడానికి కింది వాళ్లు ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఏది వేసినా ముందు డాబా మీద నీళ్లు పోసి చూడండి. మర్నాటికీ నీళ్లు నిలిచిన చోట సుద్దతో గీత గీసి, అక్కడ వాటం సరిచేయించండి. పగుళ్లు పూడ్పించి, పాచిని వైర్ బ్రష్‌తో గీకించి, కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి శ్లాబు మీద పెయింట్ వేస్తే లోపలి తేమ ఎండకు ఆవిరై పైకి తన్నుతుంది, పొర పొక్కులు లేచి ఊడిపోతుంది. జనం కంపెనీని తిడతారు గానీ, తప్పు చాలాసార్లు ఈ తొందరపాటుదే.

సున్నమైతే కిలో కాల్చిన సున్నపురాయికి 5 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఇనప డ్రమ్ము వాడండి. సలసల ఉడికి చిందుతుంది కాబట్టి కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఒక రోజు నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, బంక కలిపి మూడు పూతలు వేయాలి. చవకే. కాకపోతే వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. వడియాలు, బట్టలు ఆరేసుకునే డాబా అయితే కాళ్లకూ అంటుతుంది.

పెయింట్ కొనేటప్పుడు 'తెల్లగా ఉంది కదా' అనుకోకుండా ఎస్ఆర్ఐ (పైపూత ఎండకు ఎంత చల్లగా ఉంటుందో చెప్పే సూచీ) ఎంతో అడగండి. ప్రామాణిక నలుపుకు 0, తెలుపుకు 100 అన్న లెక్క అది. గోడలకు వేసే తెల్లరంగు నీళ్లు నిలిచే చోట, నడిచే చోట ఆగదు. రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా వేయించండి. దుమ్ము పట్టిందంటే ఎండను తిప్పికొట్టే గుణం పడిపోతుంది. ఏటా ఫిబ్రవరిలో ఓసారి కడిగించండి. పడమటి గోడ వేడి మాత్రం దీంతో తగ్గదు.

ఇక పంపకాల సంగతి. చల్లదనం ప్రధానంగా పై ఫ్లాట్లకే, అది దాచి కింది వాళ్లను ఒప్పించలేరు. శ్లాబు మాత్రం అందరిదీ. వాటం, పగుళ్ల పని అసోసియేషన్ నిధిలోంచి, పెయింట్ ఖర్చులో ఎక్కువ వాటా పై వాళ్ల నుంచి తీసుకోవడం న్యాయం. 2023 నాటి తెలంగాణ కూల్ రూఫ్ విధానంలో 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాస భవనాలకు కూల్ రూఫ్ తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం.

ప్రశ్న: పిల్లలు బడికి సైకిళ్ల మీద వెళ్లేలా కాలనీ రోడ్డులో స్పీడ్ బ్రేకర్లు వేద్దామనుకుంటున్నాం. సొంతంగా పోయించవచ్చా?

జవాబు: వద్దు, మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి. మేస్త్రీ పోసే అడుగున్నర వెడల్పు దిమ్మ దగ్గర కారు కుదుపుతో దాటిపోతుంది, సైకిల్ మీది పిల్లవాడు పడతాడు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ (స్పీడ్ బ్రేకర్) 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రని వంపు. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటొచ్చు. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు, హంప్ మీద తెల్లచారలు ఉండాలి. అర్జీలో ఈ కొలతలే రాయండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఆదివారం షికారుకు బాగుంటుంది గానీ, పిల్లల బడి దారి తీరేది ఇలాంటి వీధి పనులతోనే.

ప్రశ్న: పాత ఫ్యాన్లు మార్చడం దండగా?

జవాబు: పాతది సుమారు 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు 10 గంటలు తిరిగితే ఏడాదికి 160 యూనిట్లకు పైగా మిగులుతాయి. ఎప్పుడూ తిరిగే పడకగది ఫ్యాన్ ముందు మార్చండి, చుట్టాలొస్తే వేసేదాన్ని వదిలేయండి.