స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇది చదువు

చిన్నా,

మూలన పడున్న పాత ఆల్ ఇన్ వన్ కంప్యూటర్‌ని (తెర వెనకే మిషనంతా ఉండే రకం) విప్పి మానిటర్‌గా మార్చేస్తానంటున్నావట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బాగున్న తెరను పారేయడానికి నీకు మనసొప్పలేదంటే సంతోషమేసింది, అచ్చం మా ఇంటి పిల్లాడివే. ఆ తర్వాత నువ్వు ఒక్కడివే దాని ముందు కూర్చుని లోపల చేతులు పెడుతున్నట్టు ఊహించుకున్నాను, ఇంక నిద్ర పట్టలేదు. అది ఏ కంపెనీదో, ఎప్పటిదో అడిగితే మీ నాన్న "నల్లగా, పెద్దగా ఉంటుందక్కా" అన్నాడు. అందుకే అన్ని రకాలకీ కలిపి రాస్తున్నాను. నీకు పనికిరానివి వదిలెయ్.

ముందు, విప్పకుండా పని జరుగుతుందేమో చూడు. వెనకాల హెచ్‌డీఎంఐ పోర్ట్ కనబడగానే సంబరపడి కేబుల్ కొనకు. ఆల్ ఇన్ వన్‌లలో చాలా వాటికి అది బొమ్మను బయటికి పంపడానికే ఉంటుంది. పక్కన "ఇన్" అని రాసి ఉంటే నీ అదృష్టం. కేబుల్ పెట్టి, ఇన్‌పుట్ మార్చే బటన్ నొక్కితే పనైపోయింది, ఈ ఉత్తరం ఇక్కడే మడిచెయ్యొచ్చు.

ఐమ్యాక్ (యాపిల్ వాళ్ళ ఆల్ ఇన్ వన్) అయితే లెక్క వేరు. 2009 చివర్లో, 2010లో వచ్చిన 27 అంగుళాల వాటికి మినీ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్, 2011 నుంచి 2014 మధ్య దాకా వచ్చిన వాటికి థండర్‌బోల్ట్ కేబుల్ పెట్టి, కీబోర్డు మీద కమాండ్, ఎఫ్2 కలిపి నొక్కితే తెర మానిటర్‌గా పనిచేస్తుంది. టార్గెట్ డిస్‌ప్లే మోడ్ అంటారు. ఐమ్యాక్‌లో హై సియెర్రా అనే సిస్టమ్ గానీ అంతకన్నా పాతది గానీ ఉండాలి. దానికి కలిపే మ్యాక్ 2019లో గానీ అంతకుముందు గానీ వచ్చినదై ఉండాలి, అందులో కెటలీనా దాటిన సిస్టమ్ ఉండకూడదు. అంటే ఈమధ్య కొన్న మ్యాక్ పనికిరాదు. 2014 చివర్లో 5కే తెర (చుక్కలు చాలా ఎక్కువ ఉండేది) వచ్చాక ఈ సదుపాయమే పోయింది. అంత పెద్ద బొమ్మను సెకనుకు 60 సార్లు ఒక్క తీగలో మోసే శక్తి అప్పటి డిస్‌ప్లేపోర్ట్‌కి లేదు.

విండోస్ 10 ఉన్న మిషనైతే ఆప్షనల్ ఫీచర్స్‌లో వైర్‌లెస్ డిస్‌ప్లే వేసుకుని, ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీద బొమ్మ పంపొచ్చు. మౌస్ కాస్త వెనకబడి కదులుతుంది, గేములకి పనికిరాదు. చదువుకోవడానికి చాలు. నన్నడిగితే అక్కడితో ఆగిపొమ్మంటాను. ఆగవని తెలుసు.

సరే, విప్పుతావు. నా ఉద్యోగమంతా మానిటర్లు బాగుచేస్తూనే గడిచింది, అయినా పవర్ సప్లై అంటే నాకు ఇవాళ్టికీ భయమే. అడాప్టర్ బయట ఉండే రకమైతే నా బెంగ సగం తీరినట్టే. పాత ఐమ్యాక్‌లా లోపలే ఉంటే మాత్రం, ప్లగ్ పీకేశాక కూడా అందులో కరెంటును దాచుకునే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు. ప్లగ్ తీసి ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు కూడా మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి కొలిచాకే చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూసి మురిసిపోయే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు, ఆ పని చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను. ఇంట్లో ఇంకో మనిషి లేనప్పుడు దాని జోలికే వెళ్ళొద్దు. లోపల ట్యూబ్‌లైట్ రకం బ్యాక్‌లైట్ (తెరకి వెనక నుంచి వెలుతురిచ్చేది) ఉంటే దాన్ని వెలిగించే ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు, వెలిగించేటప్పుడు వెయ్యి వోల్టులు దాటుతుంది, ఆన్‌లో ఉండగా దాని దరిదాపులకు వేళ్ళు పోకూడదు.

2011 దాకా వచ్చిన ఐమ్యాక్ అద్దం అయస్కాంతాలతో అంటుకుని ఉంటుంది, సక్షన్ కప్పులతో వచ్చేస్తుంది. 2012 నుంచి జిగురు టేపు, మెల్లగా కోసుకుంటూ పోవాలి. ప్రతి కనెక్టర్‌నీ పీకే ముందు ఫొటో తీసుకో.

తర్వాత కంట్రోలర్ బోర్డు కొనాలి, బయటి నుంచి వచ్చే బొమ్మను తెరకి అందించేది అదే. కంప్యూటర్ మోడల్ నంబర్ చూసి కొనకు. ఒకే మోడల్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్లు, అంటే తెరలు, వేస్తారు. ప్యానెల్ వీపున స్టిక్కర్ ఉంటుంది, దాని మీది నంబర్ చివరి అక్షరాలతో సహా రాసుకుని, దానికి సరిపోయే ప్రోగ్రామ్ వేసిన బోర్డే అడుగు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. వాడు నీకు చెప్పి ఉండడు.

మీ ఇంట్లో ఇంతకుముందు ఇంకో కంప్యూటర్ ఉండేది, గుర్తుందా? నువ్వు కుర్చీ మీద మోకాళ్ళేసుకుని కీబోర్డు మీద నీ పేరు కొట్టడం నేర్చుకున్నది దాని మీదే. మదర్‌బోర్డు పోయింది, తెర మాత్రం నిక్షేపంగా ఉంది. వాడికీ నీకొచ్చిన ఆలోచనే వచ్చింది. బోర్డు తెప్పించి నాకు ఫోన్ చేస్తే "ఆదివారం వస్తాను, అందాకా ముట్టుకోకు" అన్నాను. ఆగలేదు. నువ్వు బడి నుంచి వచ్చేసరికి బొమ్మ చూపించాలని ఆత్రం.

ఆ బోర్డుల మీద రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు, జంపర్, ఉంటుంది, ప్యానెల్‌కి వెళ్లే వోల్టేజీని అదే నిర్ణయిస్తుంది: 3.3, 5, 12. ల్యాప్‌టాప్ ప్యానెళ్లకి ఎక్కువగా 3.3, మానిటర్ ప్యానెళ్లకి ఎక్కువగా 5, పెద్ద టీవీ ప్యానెళ్లకి 12. వాడి ప్యానెల్‌కి కావలసింది 5. అమ్మినవాళ్ళు జంపర్‌ని 12 దగ్గర పెట్టి పంపారు, పెట్టినవాళ్ళకి తెలియదా అని వీడు నమ్మాడు. స్విచ్ వెయ్యగానే తెర ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయిందట. అప్పుడైనా ఆగాలా? కేబుల్ వదులైందనుకుని మళ్ళీ గుచ్చి, మళ్ళీ స్విచ్ వేశాడు. మాడిన వాసన వచ్చేదాకా అదే పని. నేను వెళ్లేసరికి ప్యానెల్ అంచున ఉండే చిన్న బోర్డు మీద ఒక ఐసీ (చిప్) పొంగిపోయి ఉంది. దానికి మందు లేదు.

"ప్యానెల్ ముందే పోయింది" అని నీకు చెప్పాడు. నా వైపు చూశాడు. అవునన్నాను. నువ్వు ఆ చిన్న మొహం వేలాడేసుకుని లోపలికి వెళ్ళిపోయావు. వాడు చాలాసేపు ఆ జంపర్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తిడదామనే వచ్చాను, తిట్టలేకపోయాను.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది వినరా. ప్యానెల్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్‌లో, వోల్టేజీ ఎంతో చదువు. ప్యానెల్ తగిలించకుండా బోర్డుకి కరెంటిచ్చి, ప్యానెల్ కేబుల్ తగిలించే కనెక్టర్‌లో ప్యానెల్‌కి కరెంటు వెళ్లే పిన్ను దగ్గర మీటర్ పెట్టు. అక్కడ సున్నా చూపిస్తే ధైర్యపడిపోకు, బోర్డు స్టాండ్‌బైలో ఉండి ఉంటుంది. కీప్యాడ్ మీద పవర్ నొక్కి, ల్యాప్‌టాప్ నుంచి సిగ్నల్ ఇచ్చి మళ్ళీ కొలువు. అంకె సరిపోయాక కరెంటు తీసేసి, అప్పుడు ప్యానెల్ తగిలించు.

తెర నల్లగానే ఉంటే కంగారుపడి గుచ్చి పీకకు. టార్చి ఏటవాలుగా వేసి చూడు. మసకగా బొమ్మ కనబడితే ప్యానెల్ బాగానే ఉంది, బ్యాక్‌లైట్ తీగలే చూసుకోవాలి. ప్యానెల్ కేబుల్ వేరు, బ్యాక్‌లైట్ కనెక్షన్ వేరు. బొమ్మ రెండుగా చీలినట్టు, రంగులు పిచ్చిగా వస్తే బోర్డులో వేసిన ప్రోగ్రామ్ తప్పు. అది మార్చుకోవచ్చు, టెన్షన్ పడకు.

స్టిక్కర్ ఫొటో, పవర్ సప్లై ఫొటో నాకు పంపు. నేను చూసి సరే అనేదాకా బోర్డు ఆర్డర్ పెట్టొద్దు. అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. ఈ ఉత్తరం మీ నాన్న కంట పడనివ్వకు.

మీ అత్తయ్య