టెక్ సందేహాలు: ఆఫీసు ఫోన్లకు సొంత ఎక్స్ఛేంజ్ పెట్టుకోవాలంటే...

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. ఒక ల్యాండ్‌లైన్, రిసెప్షన్‌లో రెండు సెల్‌ఫోన్లు ఉన్నాయి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఫోన్లు ఆగకుండా మోగుతూనే ఉంటాయి, సగం ఎత్తలేకపోతున్నాం. పెద్ద ఆస్పత్రుల్లోలా ‘రిపోర్టుల కోసం 1 నొక్కండి’ అని వచ్చే ఏర్పాటు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే చేసుకోవచ్చని విన్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కంప్యూటర్ దగ్గర కాదండీ, కాగితం దగ్గర మొదలుపెట్టండి. మీకు వచ్చే కాల్ ఎవరి దగ్గరికి వెళ్లాలి, వాళ్లు ఎత్తకపోతే ఎవరికి వెళ్లాలి, వాళ్లూ ఎత్తకపోతే ఏం జరగాలి అన్నది గీతలు గీసుకుంటూ రాయండి. పొద్దున రద్దీ, మధ్యాహ్నం భోజనం వేళ, రాత్రి, ఆదివారం, ఇలా ఒక్కో సమయానికి ఒక్కో దారి వేయండి. ఏ గీత పట్టుకుని వెళ్లినా చివర ఒక మనిషి గానీ, కనీసం ‘రేపు ఉదయం 7 గంటలకు చేయండి’ అనే ఒక రికార్డింగ్ గానీ ఉండాలి. ఈ బొమ్మ సరిగా గీస్తే పని చాలావరకు అయిపోయినట్టే. ఇది లేకుండా సాఫ్ట్‌వేర్ ఎక్కించినవాళ్ల ఫోన్లలోనే పేషెంట్ అరగంట పాటల్లో ఇరుక్కుపోతాడు.

ఇక సాఫ్ట్‌వేర్. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు మొదలుపెట్టిన ఆస్టెరిస్క్ ఈ పని చేస్తుంది. మామూలు కంప్యూటర్‌నే ఈపీఏబీఎక్స్‌గా, అంటే ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చేస్తుంది. దాన్ని నేరుగా వాడాలంటే ఫైళ్లలో చేత్తో రాసుకోవాలి. అంత ఓపిక అందరికీ ఉండదు కాబట్టి దాని మీద బ్రౌజర్‌లో నడిచే ఫ్రీపీబీఎక్స్ వచ్చింది. మీకు నేను చెప్పేది ఇదే. ఫ్రీస్విచ్ అనే ఇంకొకటి కూడా మంచిదే గానీ, మొదటిసారి పెట్టుకునేవాళ్లకు ఫ్రీపీబీఎక్స్ తేలిక. పది ఫోన్లకు 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు, దానికి యూపీఎస్ మాత్రం తప్పనిసరి. ఒక జాగ్రత్త: యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి సెంటోస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే పాత వెర్షన్ ఎక్కించకండి. సెంటోస్ 7కు 2024 జూన్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. ఫ్రీపీబీఎక్స్ 17ను డెబియన్ 12 మీద ఎక్కించుకోండి.

లైన్ సంగతి చూద్దాం. మీ ఒక్క ల్యాండ్‌లైన్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా రెండో పేషెంట్‌కు బిజీ టోనే వస్తుంది. మీ అసలు సమస్య ఇదే. ఆపరేటర్‌ను సిప్ ట్రంక్, అంటే డేటా కనెక్షన్ మీద వచ్చే ఫోన్ లైన్ అడగండి. ఒకే నంబరు మీద ఒకేసారి ఐదుగురో పదిమందో మాట్లాడేలా ఛానెళ్లు ఇస్తారు. మీ పాత నంబరే దాని మీదకు మారుతుందా అని తప్పకుండా అడగండి. ఏళ్ల తరబడి ప్రిస్క్రిప్షన్ల మీద, బోర్డు మీద ఉన్న నంబరు కదా.

ఇప్పుడు సెటప్. ముందు ఆ కంప్యూటర్‌కు ఆఫీసు నెట్‌వర్క్‌లో మారని ఐపీ అడ్రస్ ఇవ్వండి, టైమ్ జోన్‌లో ఏషియా/కోల్‌కతా ఎంచుకోండి. ఇది మరిచిపోతే మీ ఉదయం ఏడింటికి సిస్టమ్ ఇంకా రాత్రి అనుకుని రాత్రి మెసేజ్ వినిపిస్తుంది. తర్వాత ఎక్స్‌టెన్షన్లు, అంటే లోపలి ఫోన్ల నంబర్లు. ఇక్కడ చాలామంది ఆలోచించని ముక్క ఒకటుంది. 101, 102, 103 అని వరసగా ఇచ్చుకుంటూ పోతారు, ల్యాబ్‌కు 108 వస్తుంది. ఒకరోజు రిసెప్షన్‌లో ఎవరో పడిపోతే అంబులెన్స్ కోసం 108 కొడతారు, పక్కగదిలో ల్యాబ్ ఫోన్ మోగుతుంది. అందుకే 100 నుంచి 199 దాకా అసలు ముట్టుకోకండి. రిసెప్షన్ 201, ల్యాబ్ 202, స్కానింగ్ 203 అని పెట్టుకోండి.

నెట్‌వర్క్‌కు తగిలించే ఐపీ ఫోన్లు కొనకముందే, ఫోన్‌లా పనిచేసే యాప్‌లు ఆండ్రాయిడ్‌లో లిన్‌ఫోన్ గానీ, విండోస్‌లో మైక్రోసిప్ గానీ వేసుకుని పరీక్షించవచ్చు. *43 కొడితే మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంది. అది బాగుంటే ఫోనుకూ సిస్టమ్‌కూ మధ్య అంతా సవ్యంగా ఉన్నట్టు. *60 కొడితే గడియారం టైమ్ చెబుతుంది, టైమ్ జోన్ సరిగా పెట్టారో లేదో అప్పుడే తేలిపోతుంది. ఆ తర్వాత 201 నుంచి 202కు మాట్లాడండి. ఇది కుదిరేదాకా ట్రంక్ జోలికి వెళ్లకండి. అన్నీ ఒకేసారి పెట్టేసి, పనిచేయకపోతే తప్పు ఎక్కడుందో తెలియక టెన్షన్ పడేది ఇక్కడే.

బయటి కాల్ లోపలికి వచ్చే దారి ఇన్‌బౌండ్ రూట్. అది ముందు టైమ్ కండిషన్‌కు వెళ్లాలి. పనివేళలైతే మెనూకు, కాకపోతే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోనుకు. మెనూలో మూడు ఆప్షన్లకు మించి పెట్టకండి. మీ రిసెప్షన్‌లో రోజూ మాట్లాడే మనిషి గొంతులోనే తెలుగులో రికార్డు చేయించండి. ఫైల్ వేవ్ ఫార్మాట్‌లో, మోనోలో, 16 బిట్, 8000 హెర్ట్జ్‌లో ఉండాలి. పని ముందు, అంకె తర్వాత చెప్పించండి: ‘రిపోర్టుల కోసం 1 నొక్కండి’. ‘1 నొక్కితే రిపోర్టులు’ అంటే వినేసరికే అంకె మరిచిపోతారు. ఏమీ నొక్కనివాళ్లకూ, తప్పు అంకె నొక్కినవాళ్లకూ ఎక్కడికి వెళ్లాలన్నది మెనూలో రెండు వేర్వేరు గడులుంటాయి. రెండింటిలోనూ రిసెప్షనే పెట్టండి. మీ దగ్గరికి వచ్చేది షుగర్ టెస్టుకు వచ్చే పెద్దవాళ్లు. మాట్లాడుతుండగా చెవి దగ్గర నుంచి ఫోన్ తీసి అంకె నొక్కడం చాలామందికి అలవాటు ఉండదు. వాళ్లకోసం కాల్ దానంతట అదే మనిషి దగ్గరికి చేరాలి.

రిసెప్షన్‌లో ఇద్దరుంటే రింగ్ గ్రూప్ చేసి రెండు ఫోన్లూ ఒకేసారి మోగేలా పెట్టండి. 20 సెకన్లు చూసి ఎత్తకపోతే మేనేజర్ సెల్‌కు పంపండి. సెల్‌కు పంపితే ఇంకో ఛానెల్ ఖర్చవుతుందని గుర్తుంచుకోండి.

బయటికి చేసే కాల్స్ ఆఖరున పెట్టుకోండి. అవుట్‌బౌండ్ రూట్లలో నంబర్ల నమూనాలు రాయాలి. ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏ అంకైనా, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. మొట్టమొదటి రూట్‌లో 112, 108, 100, 101 మాత్రమే పెట్టండి. రూట్లు పైనుంచి కిందికి చూస్తుంది, ఎక్కడ సరిపోతే అక్కడే ఆగిపోతుంది. రెండోది సెల్ నంబర్లకు: 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పది అంకెలు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి కదా, ఆ సున్నాను సిస్టమే తగిలించేలా ప్రిపెండ్ గడిలో పెట్టేయండి. కొన్ని ట్రంకులు సున్నా కాకుండా +91తో అడుగుతాయి. ఆపరేటర్ ఇంజనీర్ వచ్చినప్పుడే ఇది రాయించుకోండి.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్. ఫ్రీపీబీఎక్స్ పెట్టాం. కాల్ కలుస్తుంది, కానీ అవతలివాళ్ల మాట మాకు వినిపించదు. ఇంకొన్నిసార్లు బాగానే మాట్లాడుతుండగా అర నిమిషానికి తెగిపోతుంది.

జవాబు: రెండూ ఒకే రోగం. ఈ ఫోన్లలో కాల్ కలపడం ఒక పని, మాట మోయడం ఇంకో పని. కలిపే మాటలు సిప్‌లో, సాధారణంగా 5060 పోర్టులో నడుస్తాయి. గొంతు మాత్రం ఆర్‌టీపీ అనే వేరే ప్రవాహంలో, ఆస్టెరిస్క్‌లో మామూలుగా 10000 నుంచి 20000 మధ్య యూడీపీ పోర్టుల్లో వెళ్తుంది. కాల్ కలిసేటప్పుడు మీ సిస్టమ్ అవతలివాళ్లకు ‘మీ గొంతు ఈ అడ్రస్‌కు పంపండి’ అని చెబుతుంది. అక్కడ మీ లోపలి అడ్రస్, అంటే 192.168తో మొదలయ్యేది చెప్పేసిందనుకోండి, ఇంటర్నెట్‌లో ఆ అడ్రస్‌కు ఎవరూ చేరలేరు. వాళ్ల మాట గాలిలో కలిసిపోతుంది. మీ మాట మాత్రం వాళ్లకు బాగానే చేరుతుంది.

ఫ్రీపీబీఎక్స్‌లో ఆస్టెరిస్క్ సిప్ సెట్టింగ్స్ తెరవండి. ఎక్స్‌టర్నల్ అడ్రస్, లోకల్ నెట్‌వర్క్స్ అని రెండు గడులుంటాయి. పక్కనే ఉన్న డిటెక్ట్ బటన్ నొక్కితే అవే నిండుతాయి, ఒకసారి కళ్లతో సరిచూసుకోండి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆన్‌లో ఉంటే ఆపేయండి. సాయం చేస్తానంటూ మధ్యలో అడ్రసులు మార్చి పాడుచేసేది అదే. సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

తెగిపోయే కాల్స్‌ను గడియారం పెట్టి చూడండి. ప్రతిసారీ 32 సెకన్ల దగ్గరే తెగుతుంటే కారణం ఖాయం. కాల్ ఎత్తాక ‘సరే, అందింది’ అని రావాల్సిన చిన్న సందేశం తప్పుడు అడ్రస్ వల్ల రావడం లేదు. సిప్ నియమం ప్రకారం దానికోసం 32 సెకన్లు చూసి, రాకపోతే కాల్ వదిలేస్తుంది. పైన చెప్పింది సరిచేస్తే ఇదీ పోతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే ఎస్‌ఎన్‌గ్రెప్ అనే ఉచిత టూల్‌తో ఒక కాల్‌ను తెరిచి చూడండి. మీ సిస్టమ్ ఏ అడ్రస్ చెప్పిందో అక్షరం అక్షరం కనిపిస్తుంది.

మీ రౌటర్‌లో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మాత్రం మీకు సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లను స్టాటిక్ ఐపీ అడగాల్సిందే.

ప్రశ్న: మా ఊళ్లో సిప్ ట్రంక్ ఇవ్వరు. పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌నే ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేతో (ల్యాండ్‌లైన్‌ను సర్వర్‌కు కలిపే డబ్బా) కలిపాం. అవతలివాళ్లు పెట్టేసినా మా లైన్ బిజీగానే ఉంటోంది. కాలర్ నంబరూ కనిపించడం లేదు.

జవాబు: గేట్‌వే ఏ దేశానికి సెట్ అయి ఉందో చూడండి. అమెరికా సెట్టింగ్‌తో వస్తే మన బిజీ టోన్‌ను అది గుర్తుపట్టదు. మనది 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. ఇండియా అని మార్చండి. ఆ పేరు లేకపోతే ఈ అంకెలే చేత్తో ఇవ్వండి. ఎక్స్ఛేంజ్‌లో పొలారిటీ రివర్సల్ (కాల్ ముగియగానే తీగల్లో ప్లస్, మైనస్ మారే ఏర్పాటు) పెట్టమని అడిగి పెట్టించుకుంటే ఇంకా గట్టి పరిష్కారం. కాలర్ నంబరుకు ముందు మీ లైన్‌కు ఆ సౌకర్యం ఇచ్చారో లేదో కనుక్కోండి. ఇచ్చి ఉంటే గేట్‌వేలో కాలర్ ఐడీ పద్ధతిని డీటీఎంఎఫ్‌కు (అంకెలు నొక్కినప్పుడు వచ్చే టోన్ల పద్ధతి) మార్చి చూడండి. మన ఎక్స్ఛేంజీలు చాలావాటిలో నంబరు అలాగే వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతున్నాం. కౌన్సెలర్లు ఇంటి నుంచి కూడా మాట్లాడాలని సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచాం. ఒక్క రాత్రిలో ఎవరో మా లైన్ మీద విదేశాలకు కాల్స్ చేసేశారు. బిల్లు చూసి కంగారు పడిపోయాం.

జవాబు: ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఐఎస్‌డీ ఆపించండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత సర్వర్‌ను శుభ్రం చేయాలని చూడకుండా కొత్తగా ఎక్కించండి. లోపలికి వచ్చినవాళ్లు ఏం వదిలి వెళ్లారో వెతికి పట్టుకోవడం కష్టం.

5060 పోర్టు తెరిచి పెట్టిన ఏ సర్వర్‌నైనా స్కాన్ చేసే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. 201 ఎక్స్‌టెన్షన్‌కు 201 అనే పాస్‌వర్డ్ ఉందేమో అని అవి మొదటే చూస్తాయి. దొరికితే మీ లైన్ మీద ఖరీదైన అంతర్జాతీయ నంబర్లకు కాల్స్ గుప్పిస్తారు, ఆ నంబర్ల ఆదాయంలో వాళ్లకు వాటా ఉంటుంది. దాడి రాత్రులు, సెలవు రోజుల్లో జరగడానికి కారణం మీరు చూడరనే.

కొత్తగా పెట్టేటప్పుడు ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు వైర్‌గార్డ్ అనే టూల్‌తో వీపీఎన్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి ఇవ్వండి. అప్పుడు 5060ను బయటికి తెరవాల్సిన పనే లేదు. ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్‌లను సిస్టమ్ తయారుచేసిన పొడవైనవాటినే ఉంచండి, గుర్తుండేలా మార్చకండి. వాటిని ఫోనులో ఒక్కసారి ఎక్కిస్తారు, అంతే. అనామక ఇన్‌బౌండ్ కాల్స్, గెస్ట్ కాల్స్ అన్న రెండింటికీ ‘నో’ పెట్టండి. తప్పు పాస్‌వర్డ్‌లతో పదే పదే ప్రయత్నించేవాళ్లను ఆపే ఫెయిల్‌టూబ్యాన్ నడుస్తోందో లేదో చూడండి. అవుట్‌బౌండ్ రూట్లలో 00తో మొదలయ్యే నమూనా ఒక్కటీ లేకుండా చూసుకోండి. ఎక్స్ పక్కన చుక్క పెట్టి ‘ఏదైనా సరే’ అని రాసే నమూనాను చాలా ట్యుటోరియల్స్ చూపిస్తాయి. అది మీ బీరువా తలుపు తెరిచి పెట్టినట్టే.

అడ్మిన్ పేజీ సంగతి వేరేగా చెప్పాలి. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లోని ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి దూరగల లోపం అది. అప్‌డేట్ వచ్చేలోపే అడ్మిన్ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టినవాళ్లు దెబ్బతిన్నారు. అందుకే ఆ పేజీ మీ ఆఫీసు నెట్‌వర్క్ నుంచో, వీపీఎన్ నుంచో తప్ప ఇంకెక్కడి నుంచీ తెరుచుకోకూడదు. మాడ్యూళ్ల అప్‌డేట్లను కూడా వాయిదా వేయకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడి మా ఆఫీసు సర్వర్‌లో హైదరాబాద్ బ్రాంచ్‌కు ఎక్స్‌టెన్షన్లు ఇవ్వవచ్చా? అక్కడి ల్యాండ్‌లైన్ కూడా కలిపేసి ఇండియా కాల్స్ చవకగా చేసుకోవచ్చా?

జవాబు: మొదటిది చేసుకోండి. మీ కంపెనీ లోపలి ఎక్స్‌టెన్షన్ల మధ్య ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడానికి అడ్డు లేదు. వీపీఎన్ మీదే పెట్టండి. జీ.711 కోడెక్‌తో (గొంతును డేటాగా మార్చే పద్ధతి) ఒక్కో కాల్‌కు అటూ ఇటూ సుమారు 90 కేబీపీఎస్ పడుతుంది, కాబట్టి మామూలు ఫైబర్ కనెక్షన్ చాలు.

రెండోది మాత్రం వద్దు. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను లైసెన్స్ లేకుండా మన దేశంలోని ల్యాండ్‌లైన్‌లోకో, సిమ్ములు గుచ్చిన డబ్బాలోకో దించడాన్ని టోల్ బైపాస్ అంటారు. అది మన చట్టంలో నేరం. మీ హైదరాబాద్ సిబ్బంది ఇరుక్కుంటారు. ఇండియా కాల్స్‌కు మీ అమెరికాలోని లైసెన్స్ ఉన్న ప్రొవైడర్ ట్రంకే తీసుకోండి.