మా ఆయన తమ్ముడు సాక్ష్యం చెప్పిన రోజు నుంచి నాకు పాట రావడం లేదు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తాను. 22 ఏళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం మా చర్చి ఊడ్చి చాపలు పరిచేది నేనే. దశమభాగం ఒక్క నెల తప్పలేదు, శుక్రవారం ఉపవాసం తప్పలేదు. మా ఆయన తమ్ముడు తాగుడులో పడి, నాలుగేళ్ల కిందట ఆస్పత్రి ఖర్చని చెప్పి నా మూడు సవర్ల గొలుసు తీసుకెళ్లి తాకట్టు పెట్టాడు. అది వేలానికి పోయింది. ఏడు నెలలుగా తాగడం మానేసి చర్చికి వస్తున్నాడు. పోయిన నెల పాస్టరు అయ్యగారు ఆ మనిషి చేత, తన బతుకు ఎలా మారిందో సంఘం ముందు సాక్ష్యం చెప్పించారు. ఆయన ఏడ్చాడు, సంఘమంతా ఏడ్చింది. గొలుసు మాట మాత్రం ఎత్తలేదు. (వాళ్లావిడ ఒకసారి బియ్యం అప్పడిగితే 'మీ ఆయన సీసాలో వండుకో పో' అని పంపేశాను. ఇప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని పాడాలి.) అప్పటి నుంచి నాకు పాట గొంతు దాటి రావడం లేదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) కూడా తీసుకోలేదు. ఇన్నేళ్లు నమ్మకంగా ఉన్నందుకు నాకేం మిగిలిందక్కా?

జవాబు: చెల్లెమ్మా, ముందు గొలుసు సంగతి మాట్లాడుకుందాం. అది వదిలేసి 'క్షమించు, ప్రార్థించు' అంటే మీకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

మూడు సవర్లంటే 24 గ్రాములు. పొగాకు ఘాటుకు తుమ్ముతూ ఆకు ఏరిన కూలి డబ్బు అది. పశ్చాత్తాపపడ్డవాడు సాక్ష్యం చెప్పి ఊరుకుంటే చాలదు. బైబిల్లో లూకా 19లో, పన్నులు వసూలు చేసే జక్కయ్య ఏడ్చాడని ఎక్కడా లేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని లేచి నిలబడి చెప్పాడు. మీ మరిది నాలుగంతలు ఇవ్వక్కర్లేదు, ఒక్కంత ఇస్తే చాలు. మీ ఆయన్ని, అయ్యగారిని కూర్చోబెట్టుకుని నెలకు ఇంత అని మాట్లాడుకోండి. కాగితం మీద రాసుకోండి. ఈలోగా కొత్తగా చేబదులు అడిగితే లేదనండి. అందులో పాపం ఏమీ లేదు.

ఏడు నెలలకే సాక్ష్యం చెప్పించడం తొందరేనని నాకూ అనిపించింది. మన ఒంగోలు కథే గుర్తు చేసుకోండి. 1876-78 కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. వాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం అడిగితే ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం ఆపేశాడు. ఆ పని ఆగాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మనిషి మార్పు నిజమో కాదో కాలానికి వదిలిపెట్టడం అవిశ్వాసం కాదు. మీ మరిదికీ ఆ గడువు ఇవ్వండి. ఆయన నిలబడతాడో పడిపోతాడో ఇవాళే తేల్చే బాధ్యత మీ మీద లేదు.

గొలుసు లెక్క అక్కడితో సరి. ఇక మీ పాట సంగతి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట్లో 'మా ఆయన తమ్ముడు' అని రాశారు, తర్వాత 'ఆ మనిషి' అయిపోయాడు. 'మరిది' అన్న మాట ఒక్కసారీ రాలేదు. లూకా 15లో, ఆస్తి పాడుచేసి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే అలిగిన పెద్దకొడుకూ ఇంతే. 'నా తమ్ముడు' అనడు, తండ్రితో 'నీ కుమారుడు' అంటాడు. ఇన్నేళ్లు సేవ చేశాను, నాకొక మేకపిల్లనైనా ఇవ్వలేదంటాడు. 22 ఏళ్లు, దశమభాగం, శుక్రవారం ఉపవాసం అని మీరు వరసగా రాసింది చదువుతుంటే నాకా మేకపిల్లే కనిపించింది. కోపగించుకోకండి. మీరు చేసింది అబద్ధమని కాదు. లూకా 18లో గుడికొచ్చి ప్రార్థించిన పరిసయ్యుడూ (ధర్మశాస్త్రం గట్టిగా పాటించేవాడు) అబద్ధం చెప్పలేదు. వారానికి రెండు ఉపవాసాలు, పదో వంతు నిజంగానే చేశాడు. అక్కడే నిలబడ్డ సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాణ్ణి చూపించి, వాడిలాంటివాణ్ణి కానన్నాడు చూడండి, అక్కడ చెడింది.

ఈ జబ్బు నాకూ ఉంది కాబట్టే గుర్తుపట్టాను. మా చర్చిలో కానుకల కవర్లు లెక్కపెట్టే పని పదేళ్లు నాది. ఫలానా ఆయన ఇంత బంగళా కట్టి యాభై రూపాయలు వేశాడు, ఫలానా ఆవిడ కవర్ ఈ నెల రాలేదు అని లోపల ఒక పుస్తకం నడిచేది. ఒకరోజు కట్ట కట్టబోతూ చూస్తే నా కవర్ అన్నిటికంటే పైన ఉంది. పేరు పైకి కనిపించేలా పెట్టింది నేనే. చెయ్యి దానంతట అదే ఆ పని చేసేసింది. ఆ రబ్బరు బ్యాండు పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

సుంకరి ప్రార్థన మనందరికీ నోటికొచ్చు. 'పాపినైన నన్ను కరుణించుము' అని ప్రతి ఆదివారం అంటూనే ఉంటాం. ఏ పాపమని ఎవరైనా అడిగితే మాత్రం తడుముకుంటాం. పేరు లేని పాపాలు ఒప్పుకోవడం తేలిక, దానివల్ల ఎవరి తలా వంగదు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీరే రాశారు, బ్రాకెట్లో పెట్టి. సీసాలో వండుకోమన్న మాట.

ఆ రోజు ఆమె తాగలేదు చెల్లెమ్మా. గొలుసు ఆమె తీసుకెళ్లలేదు. ఇంట్లో పిల్లలకు అన్నం లేక తోడికోడలి గడప తొక్కింది. ఆరాధనలో మీ గొంతు పట్టుకున్నది మీ మరిది సాక్ష్యమని మీరనుకుంటున్నారు. నాకైతే పక్కన కూర్చున్న ఆవిడే అనిపిస్తోంది. లేకపోతే ఆ సంగతి నాకు రాయాల్సిన అవసరం మీకేముంది?

మత్తయి 5లో అర్పణ బలిపీఠం దగ్గర వదిలి వెళ్లమన్నది, సహోదరుడి మీద మనకు కోపం ఉన్నప్పుడు కాదు, మన మీద అతనికి విరోధం ఉందని గుర్తొచ్చినప్పుడు. ఈ వాక్యం మనం తిరగేసి చదువుకుంటాం. గొలుసు విషయంలో మరిది మీ దగ్గరకు రావాలి. బియ్యం విషయంలో మీరు ఆమె దగ్గరకు వెళ్లాలి. ఆయన వచ్చేదాకా ఆగకండి, ఈ రెండూ ముడిపెట్టకండి. అక్కడ గొలుసు మాట అసలు ఎత్తకండి.

ఈ శనివారం చర్చి ఊడ్చే పని ఇంకెవరికైనా చెప్పి ఆ సాయంత్రమే వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. 'ఆ రోజు నేనన్న మాట తప్పు' అని చెప్పండి, కారణాలు చెప్పొద్దు. ఇంకో మాట, బియ్యం తీసుకెళ్లకండి. తీసుకెళ్తే మళ్లీ పెట్టే చెయ్యి మీదవుతుంది. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతే తిరిగొచ్చేయండి. కూర్చోమంటే కూర్చోండి, టీ ఇస్తే తాగండి.