రాయడం ఆగిపోయినప్పుడు వినడం మొదలుపెట్టండి

ఆరు నెలలుగా ఒక్క కథా పూర్తి కావడం లేదని, చుట్టూ ఉన్న సమాజానికి ఏదైనా చేయాలని ఉన్నా రాయడం తప్ప మరో విద్య రాదని మీరు రాశారు. నా దృష్టిలో ఇవి రెండు సమస్యలు కావు. మొదటిదానికి మందు రెండోదానిలోనే ఉంది.

మీకు తెలిసిన పెద్దవారిలో ఒకరిని ఎంచుకొని, వారి అనుమతితో వారానికి ఒక గంట వారి పని గురించి, చిన్ననాటి గురించి అడిగి, మాటలను రికార్డు చేసి, వారి నుడికారం చెడకుండా కాగితం మీద పెట్టండి. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అంటే ఎవరైనా రెండు వాక్యాలతో సరిపెడతారు. ‘మొదటి జీతంతో ఏం కొన్నారు?’ అంటే ఆ గంట చాలదు. రాసినది వారికి చదివి వినిపించి, వద్దన్న భాగాలు తీసివేసి, ఒక ప్రతి కుటుంబానికి, మరొకటి దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి.

అమెరికాలో 1935లో నిరుద్యోగ రచయితల కోసం మొదలైన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ ఇటువంటి పనే చేయించింది. 1936–38 మధ్య, ఒకప్పుడు బానిసలుగా బతికినవారి కథనాలే 2,300కు పైగా అందులో నమోదయ్యాయి. న్యూయార్కులో ఆ పథకం కింద పనిచేసిన రాల్ఫ్ ఎల్లిసన్‌కు నవలాకారుడిగా పేరు వచ్చింది ఆ తరువాతే.

అయితే విన్నదాన్ని వెంటనే కథగా మార్చకండి. నమ్మి చెప్పినవారికి అది ద్రోహంగా తోచవచ్చు. ఆ రోజు చెవిలో నిలిచిన ఒక్క మాటను వేరే నోటుపుస్తకంలో రాసుకుంటే ప్రస్తుతానికి చాలు.