సుంకేసుల బ్యారేజీ నీళ్లు ఒక లీటరు పరీక్షిస్తే అందులో ఏ చేపలున్నాయో తెలుస్తుందా?

వల వేయకుండానే చాలావరకు తెలుస్తుంది, కానీ ఎన్ని ఉన్నాయో మాత్రం కచ్చితంగా చెప్పలేం.

నీళ్లలో బతికే ప్రాణి ఏదైనా పొలుసు, జిగురు, మలం రూపంలో తన డీఎన్‌ఏను వదులుతూనే ఉంటుంది. ఆ నీళ్లను చాలా సన్నని ఫిల్టరులో వడగడతారు. దాని మీద మిగిలిన పిసరంత మడ్డి నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌తో (కరోనా టెస్టులో విన్నామే, అదే) లక్షల రెట్లు పెంచి, ఇదివరకే తెలిసిన జాతుల డీఎన్‌ఏతో పోల్చి చూస్తారు. పోల్చడానికి రికార్డు లేకపోతే, దొరికినా పేరు తెలియదు.

ఉదాహరణకు, కర్నూలు దగ్గర సుంకేసుల బ్యారేజీ నుంచి కె.సి. (కర్నూలు-కడప) కాలువ కడప వైపు పోతుంది. ఆ కాలువ నీళ్లలో కొర్రమీను డీఎన్‌ఏ దొరికితే చేప అక్కడే ఉందనుకుంటారు. పొరపాటు పడేది ఇక్కడే. అది పైన తుంగభద్రలోంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు, గట్టున ఎవరో చేపలు కడిగిన నీళ్లూ కావచ్చు! చచ్చిన చేప నుంచీ డీఎన్‌ఏ వస్తుంది. పైగా ఎండకు, వేడికి అది త్వరగా పాడైపోతుంది కాబట్టి, దొరకనంత మాత్రాన చేప లేదనీ అనలేం. అందుకే ఒక్క సీసాతో సరిపెట్టకుండా నాలుగైదు చోట్ల, వేర్వేరు రోజుల్లో నీళ్లు పడతారు.